పేటలో మూడుసార్లు బతికారు

కళ్ళ డాక్టరు రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, "కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చో తాతా, గంట పడుద్ది" అని చెప్పి లోపలికి పోయాడు.

సొలొమోను బల్ల మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నోరు మూసుకుని కూర్చోవడం అతనికి నలభై ఏళ్ళుగా అలవాటే. కళ్ళు కూడా మూసుకోమన్నారు కాబట్టి అవీ మూసుకున్నాడు. ఒకప్పుడు నందిగామ సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపిన మనిషి. కార్బన్ కడ్డీలు మండే వెలుతుర్ని అద్దం పెట్టుకోకుండా చూసేవాడు. ఆ కళ్ళు ఇప్పుడు పగ తీర్చుకుంటున్నాయి. అందుకే పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేట వచ్చాడు.

గోడకున్న టీవీలో ఎక్కడో విమానం సముద్రంలో పడిందని చెబుతున్నారు. బల్ల మీద అతని పక్కనే ఇద్దరు ముసలాళ్ళు. వాళ్ళ మొహాలు కనబడవు, మాటలు వినబడుతున్నాయి.

"పడవలేసుకుని పోయి తీస్తున్నారంట. ఎంతమంది దక్కుతారో పాపం."

"మన హాల్లో ఆడిన ఇంగ్లీషు బొమ్మ గుర్తుందిరా? అచ్చం ఇట్టాగే. ఆదివారం పొద్దుటాట."

"ఎందుకు గుర్తులేదు! ఓడలోంచి వల దించి ఒక్కొక్కళ్ళనీ పైకి లాగుతుంటే నేను కుర్చీ ఎక్కి ఈల వేశా. వన్స్ మోర్ వన్స్ మోర్ అని హాలంతా ఒకటే గోల. ఖలందర్ వేశాడుగా మళ్ళీ!"

"మళ్ళీ ఏంది, రెండుసార్లు వేశాడు. మొత్తం మూడుసార్లు చూశాం ఆ రీలు. బయట సోడా తాగుతున్న మా అన్న మూడోదానికి పరిగెత్తుకుంటా వచ్చాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. సొలొమోను కళ్ళు తెరిచాడు. చుక్కల మందుకి కళ్ళ ముందు ఉన్నదంతా తెల్లగా, ఖాళీ తెరలా ఉంది.

అతను లేచి నిలబడ్డాడు. "తాతా, డాక్టరుగారు ఇంకా చూళ్ళేదు" అంది నర్సు.

"నేను చూశా," అని బయటికి నడిచాడు.

ఆ రోజుల్లో జగ్గయ్యపేట హాలుకీ నందిగామ హాలుకీ ఓనరు ఒక్కడే. ఇంగ్లీషు బొమ్మలకి రెండు పెట్టెలు తెప్పించడం ఎందుకని ఒకటే తెప్పించేవాడు. పేటలో ఆట ముందు మొదలయ్యేది. అక్కడ ఆడేసిన రీళ్ళు డబ్బాల్లో పెట్టి మోటారుసైకిలు మీద నందిగామ పంపేవాళ్ళు. మోసేవాళ్ళు ఇద్దరు, వంతులవారీగా. ఒకడు వస్తుంటే ఒకడు పోయేవాడు. పేటలో ఆపరేటరు ఖలందర్. నందిగామలో సొలొమోను. ఇక్కడ ఐదు నిమిషాలు తేడా వస్తే అక్కడ తెర తెల్లబోయేది.

ఆ ఆదివారం విమానం బొమ్మ పదకొండు రీళ్ళు సరిగ్గానే వచ్చాయి. విమానం సముద్రం మీద పడింది. మునగకుండా తేలింది. జనం తలుపు తోసుకుని రెక్కల మీదకి చేరారు. నీళ్ళు పాదాల దాకా, మోకాళ్ళ దాకా వచ్చాయి. ఒక తల్లి పిల్లని భుజాన వేసుకుని నిలబడింది, నీళ్ళు ఆమె నడుం దాకా వచ్చాయి. అంతే, పదకొండో రీలు అయిపోయింది. పన్నెండోది రాలేదు.

పావుగంట చూశారు. అరగంట చూశారు. ఎండాకాలం, రేకుల హాలు. జనం ఈలలు మాని బూతులు మొదలుపెట్టారు. గదిలో ప్రొజెక్టరు సెగకి బనీను తడిసి ముద్దయి కూర్చున్న సొలొమోనుకి ఒళ్ళు మండిపోతోంది. అప్పుడు ఆడవాళ్ళ బెంచీల్లోంచి ఎవతో, "ఆపరేటరు గారో! ఇంతకీ ఆ పిల్లతల్లి బతికిద్దా లేదా?" అని అరిచింది. హాలంతా ఘొల్లుమంది.

సొలొమోను గది గోడకున్న కన్నంలోంచి తల బయటికి పెట్టి, "అందరూ చచ్చారు, ఇళ్ళకి పోండి!" అన్నాడు.

అతను జీవితంలో అంత పెద్దగా అరిచింది అదొక్కసారే.

మొదటి కుర్చీ విరిగింది. ఆ తర్వాత ఎన్ని విరిగాయో లెక్క లేదు. తెర చీరేశారు. తొక్కిసలాటలో బెంచీ మీద పడి ఒకామె మోకాలు నుజ్జయింది. ఆమె పేరు కృపాజ్యోతి. సొలొమోనుకి ఆర్నెల్ల కిందట పెళ్ళయిన భార్య.

థామస్ అనే మోటారుసైకిలు మనిషి పన్నెండో రీలు తెచ్చేసరికి హాలు ముందు పోలీసులున్నారు. చిల్లకల్లు దగ్గర పంచరైందన్నాడు. పంచరుకి ఎవరేం చేస్తారు? ఓనరు థామస్‌ని ఏమీ అనలేదు. సొలొమోనునే పిలిచాడు. "రీలు ఆలస్యమైతే అయింది, వాళ్ళని చంపమని నీకెవరు చెప్పార్రా?" అని తాళాలు లాక్కున్నాడు. రీళ్ళ పెట్టె మర్నాడు తిరిగి బెజవాడ పోయింది. సొలొమోను ముక్త్యాల పోయి సిమెంటు బస్తాలెత్తాడు, వీపు ఒంగేదాకా. కృపాజ్యోతి కుంటుకుంటూనే కాపురం చేసింది, ఇద్దరు పిల్లల్ని కని పెంచింది. మొగుడితో మాత్రం కావలసినంతే మాట్లాడింది. అతను ఎవరి మీదన్నా నోరు చేసుకోబోతే, "చాల్లే. నీ నోటి సంగతి నా కాలుకి తెలుసు" అనేది.

నలభై ఏళ్ళు ఆ మాట పడ్డాడు. పంచరు, నోరు. తప్పు నోటిదే అని అతనూ నమ్మాడు. ఇప్పుడు కళ్ళ డాక్టరు దగ్గర, ఎవడో ముసలాడు నవ్వుకుంటూ చెబుతున్నాడు. పంచరు కాదు. వన్స్ మోర్.

ఖలందర్ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఫ్యాన్లు బాగుచేసే ఖలందర్ అంటే రెండో మనిషే చూపించాడు. కళ్ళు సరిగా ఆనక రెండుసార్లు కాలవ గట్టు తన్నుకున్నాడు సొలొమోను. గుమ్మం పక్కన ఒకమ్మాయి మిషను కుడుతోంది. ఖలందర్ కోడలు జాకియా.

"ఎవరు కావాలండి?"

"ఖలందర్."

"మామా, ఎవరో వచ్చారు!"

లోపల నేల మీద ఒక తెల్లటి ఆకారం ఫ్యాను మోటారు ఒళ్ళో పెట్టుకుని తీగ చుడుతోంది. తలెత్తకుండానే, "ఫ్యానయితే అక్కడ పెట్టి పో. ఎల్లుండి రా" అంది.

"రీలు కోసం వచ్చా."

తీగ చుట్టే చెయ్యి ఆగింది.

"ఏం రీలు?"

"పన్నెండోది. నలభై ఏళ్ళ నుంచి చూస్తున్నా. ఇంకా రాలా."

ఖలందర్ కళ్ళజోడు పైకి తోసి చూశాడు. చాలాసేపు చూశాడు. "సొలొమోనా! నువ్వింకా చావలేదా?"

"రీలు వస్తే చూసి చద్దామని ఆగా."

లోపల్నుంచి ఖలందర్ భార్య షరీఫాబీ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "కూచోండి అన్నా, ఎండన పడి వచ్చారు."

"ఈ ఇంట్లో నీళ్ళు తాగనమ్మా."

షరీఫాబీ మొహం మాడింది. చెంబు అక్కడే పెట్టి మొగుడి వంక చూసింది. మిషను చప్పుడు కూడా ఆగిపోయింది.

"చిల్లకల్లు దగ్గర పంచరైందన్నారు," అన్నాడు సొలొమోను.

"అయింది."

"ఎన్నిసార్లు?"

"పంచరు ఎన్నిసార్లు అవుద్దిరా, ఒకసారి."

"పేటలో మూడుసార్లు అయిందంట." సొలొమోను మూడు వేళ్ళు చూపించాడు. "కుర్చీలెక్కి ఈలలేశారంట. ఇక్కడ వాళ్ళు మూడుసార్లు బతికారంట. నా దగ్గర ఒక్కసారి కూడా బతకలా."

ఖలందర్ మోటారు ఒళ్ళోంచి దించాడు. అబద్ధం వెతుక్కుంటున్నట్టు కాసేపు నేల మీద స్క్రూలు ఏరాడు. దొరికింది అబద్ధం కాదు, కోపం.

"అవును, వేశా. అయితే ఏంటంట? హాలు హాలంతా నెత్తినెక్కి కూచుంది. వెయ్యకపోతే మా కుర్చీలు విరిగేవి."

"అందుకని మా కుర్చీలు విరగ్గొట్టించావు."

"ఒకసారి వేశా. చాలలేదన్నారు. రీలు వెనక్కి చుట్టి మళ్ళీ ఎక్కించేసరికి నా చేతులు పడిపోయినయ్. సరదాకి చేశాననుకున్నావా?"

"థామస్‌తో పంచరని చెప్పించింది కూడా సరదాకి కాదులే."

"ఓనరు చంపేవాడు నన్ను!"

"నన్ను చంపాడుగా."

ఖలందర్ లేచాడు. పొడుగాటి మనిషి, లేచేసరికి కప్పు తగులుతుందేమో అనిపించాడు. "నా ఇంటికొచ్చి నా ఆడవాళ్ళ ముందు నన్ను నిలబెడతావా? నిలబెట్టు. సగం నువ్వు చెప్పావ్, మిగతాది నేను చెబుతా. జాకియా, విను. ఆలస్యమైతే జనం ఓర్చుకుంటారు. కాసేపు ఆగండని స్లైడు వెయ్యొచ్చు. సోడాలమ్మేవోణ్ణి లోపలికి తోలొచ్చు. ఈ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? కన్నంలోంచి తలకాయ పెట్టి, అందరూ చచ్చారు, ఇళ్ళకి పోండి అన్నాడు. పన్నెండో రీలు మొహం చూడనోడు! ఇంగ్లీషోళ్ళు లక్షలు పోసి బతికించుకుంటే ఈయన ఒక్క ముక్కతో చంపేశాడు!"

జాకియా ఫక్కున నవ్వి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

సొలొమోను నవ్వలేదు. జేబులోంచి ఫోను తీశాడు. "నేనన్న మాటకి నేను పడుతున్నా. నువ్వు చేసిందానికి నువ్వు పడు. నా పెళ్ళాంతో చెప్పు."

"ఏం చెప్పాలి?"

"పంచరు కాదని. నా ఒక్కడి నోరే కాదని."

"నీ పెళ్ళానికి నేనెందుకు చెప్పాలిరా?"

"ఆ రోజు కాలు పోయింది దానిదే కాబట్టి."

షరీఫాబీ ఒకడుగు ముందుకొచ్చింది. "ఎవరి కాలు?"

ఖలందర్ మళ్ళీ స్క్రూల వైపు వంగబోయాడు. ఆమె అతనికి అడ్డంగా నిలబడింది.

"నందిగామ హాల్లో కుర్చీలు విరిగినయ్ అన్నావు నాతో. నవ్వుకుంటా చెప్పావు. ఆడమనిషి కాలు విరిగిందని చెప్పలా." ఆమె గొంతు పెరగలేదు. ఖలందర్ మాత్రం గోడ వైపు జరిగాడు. "తెలుసా నీకు?"

"తర్వాత తెలిసిందే..."

"తెలిసి, ఒక్కసారి కూడా పోయి చూళ్ళా?"

"పోతే అంతా బయటపడేది గదే..."

షరీఫాబీ సొలొమోను చేతిలో ఫోను వైపు చూపించింది. "కలిపియ్యి అన్నా. ఈయన మాట్లాడతాడు. మాట్లాడకపోతే ఇవాళ్టి నుంచి ఈయన వంట ఈయనే చేసుకుంటాడు."

సొలొమోనుకి అంకెలు కనబడక జాకియాయే వెతికి కలిపింది. స్పీకరు పెట్టి మామ చేతికిచ్చింది. అటు నుంచి కృపాజ్యోతి, "కళ్ళు చూశాడా డాక్టరు?" అంది.

"చెల్లెమ్మా, నేను... పేట నుంచి ఖలందర్‌ని. హాలు ఆపరేటర్ని."

ఖలందర్ ఒకసారి పెళ్ళాం వైపు చూసి మళ్ళీ అందుకున్నాడు.

"మీ ఆయన నా ఇంటికొచ్చి నిలబడ్డాడు. పోమన్నా పోడు. అదేంటంటే... ఆ రోజు రీలు పంచరు వల్ల ఆగలా. జనం అడిగితే నేనే మళ్ళీ మళ్ళీ వేశా. అందువల్ల ఆలస్యమైంది. అదీ సంగతి. చెప్పా. ఇంక తోలుకుపోండి మీ ఆయన్ని."

"తెలుసు అన్నయ్యా," అంది కృపాజ్యోతి.

సొలొమోను తల ఫోను వైపు తిరిగింది.

"థామస్ చెప్పాడు. ఆస్పత్రిలో నా మంచం పక్కన కూచుని ఏడ్చి చెప్పాడు. మీకు ఒట్టేశానని, ఎవరితోనూ అనొద్దన్నాడు. నేను అన్లా."

"నలభై ఏళ్ళు తెలిసే ఉందా నీకు?" అన్నాడు సొలొమోను. గొంతు పెద్దదైంది, అతనికే తెలియలేదు.

"అరవమాక. పరాయి ఇంట్లో ఉన్నావు." ఆమె ఊపిరి తీసుకోవడం వినబడింది. "రీలన్నాక ఆలస్యమవుద్ది. దాని మీద నాకెప్పుడూ కోపం లేదు అన్నయ్యా. ఆ రోజు నేను బెంచీలో పదిమంది ఆడోళ్ళ మధ్య కూచుని ఉన్నా. మీ ఆయనే గదే మీటలు తిప్పేది, అడుగు అడుగు అని పక్కవాళ్ళు పొడుస్తున్నారు. పేరు పెట్టి పిలవలేను గదా. ఆపరేటరు గారో అని పిలిచా."

సొలొమోను ఫోను దగ్గరికి జరిగాడు.

"నా గొంతు ఆనవాలు పట్టలేకపోతే పోయాడు. ఆ పిల్లతల్లి బతికిద్దా అని అడిగితే అట్టాగేనా చెప్పేది? నేనని తెలిసినా అదే చెబుతాడనిపించింది. ఇప్పటికీ అదే అనిపిస్తది."

ఖలందర్ ఫోను చేతిలో పట్టుకుని దాన్నెక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. సొలొమోను వైపు చూశాడు. ఆ చూపులో జాలి కనబడిందో లేక కళ్ళ మందుకి అలా అనిపించిందో గానీ, చెంబెత్తి మొహాన కొట్టాలనిపించింది సొలొమోనుకి.

"ఇంతకీ అన్నయ్యా," అంది ఫోనులోంచి కృపాజ్యోతి, "ఆమె బతికిందా?"

"బతికింది చెల్లెమ్మా." ఖలందర్ గొంతు మారింది. మెల్లగా గుమ్మం దగ్గర కూర్చున్నాడు. "చెబుతా విను. నీళ్ళు ఛాతీ దాకా వచ్చినయ్. పిల్లని నెత్తిన పెట్టుకుంది. అప్పుడు దూరంగా పొగ కనబడిద్ది, సరుకులోడ. దాని మీద వంటోడు ఒకడు పప్పు కడిగిన నీళ్ళు పారబోయడానికి వచ్చి వీళ్ళని చూస్తాడు. గిన్నె పారేసి పరిగెడతాడు. ఓడ దగ్గరికి రాలేదు, వస్తే అలకి రెక్క మునిగిద్ది. అందుకని పెద్ద తాళ్ళ వల దించుతారు పక్క నుంచి. ఒక్కొక్కళ్ళే దూకి ఈది వల పట్టుకోవాల. ముందు పిల్లని విసిరేస్తారు. ఆ వంటోడే వల మీదకి దిగి పట్టుకుంటాడు. అప్పుడు మా హాల్లో... సర్లే, ఆ గోల నీకెందుకు. తర్వాత తల్లి. తర్వాత ముసలోళ్ళు. అందరూ ఎక్కారు, ఒక్కడు తప్ప."

"ఎవరు?"

"ఇంజినీరు. విమానం మునక్కుండా లోపల ఏదో మీట పట్టుకుని ఉంటాడు. వదిల్తే అందరూ పోతారు. అందరూ ఎక్కిందాకా పట్టుకునే ఉన్నాడు. ఎక్కాక విమానం మునిగిపోయింది. ఓడ మీద వాళ్ళంతా లెక్క పెట్టుకుంటే ఒకడు తక్కువ. ఆ వంటోడు టోపీ తీసేస్తాడు. అంతే, అయిపోయింది."

కృపాజ్యోతి, "వల దించిన దగ్గర్నుంచి మళ్ళీ ఒకసారి చెప్పండి అన్నయ్యా" అంది.

సొలొమోను చెప్పులు వేసుకున్నాడు. పోవాలి. కానీ ఫోను తనది. గుమ్మం అవతల ఎండలో వీపు తిప్పి నిలబడ్డాడు. వెనక ఖలందర్ మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి ఇంకా తీరిగ్గా, అలల చప్పుడు కూడా నోటితో చేస్తూ. మిషను దగ్గర జాకియా, "ఆ పిల్ల పేరేంది మామా?" అని అడుగుతోంది. వినకూడదనుకున్నాడు సొలొమోను. రెండుసార్లూ విన్నాడు.

అయ్యాక ఖలందర్ వచ్చి ఫోను చేతిలో పెట్టాడు. "చెప్పమన్నావ్, చెప్పా. ఇంక రామాక."

"రాను."

"నీళ్ళన్నా తాగి చావు."

"నీ చేతి నీళ్ళు వద్దు."

"పో అయితే!"

వెనక షరీఫాబీ మొగుణ్ణి తిట్టడం సందు మలుపు తిరిగేదాకా వినబడింది. అది విని సొలొమోను ఏమైనా సంతోషపడ్డాడా అంటే, లేదు.

నందిగామలో బస్సు దిగేసరికి రెండున్నర. కళ్ళు తేటపడ్డాయి. ఇంటి ముందు రేకు నీడలో కృపాజ్యోతి కుంటి కాలు చాపుకుని గోంగూర వలుస్తోంది. అతన్ని చూసింది. మళ్ళీ ఆకులు చూసుకుంది.

సొలొమోను చెప్పులు విడవలేదు. దారి పొడుగునా ఒక మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చాడు. అది ఇప్పుడే చెప్పాలి, కూర్చుంటే చెప్పలేడు.

"అందరూ బతికారంట," అన్నాడు.

"అందరూ కాదు. ఒకడు పోయాడు." ఆమె తలెత్తలేదు. "రెండుసార్లు విని కూడా ఉన్నదున్నట్టు చెప్పడం రాదు నీకు."

"ఒకడు పోయాడు," అన్నాడు సొలొమోను.

"ఆఁ."

గోంగూర కాడలు ఒక పక్కకి, ఆకులు ఒక పక్కకి పడుతున్నాయి.

"ఆ రోజు నాకు తెలీదు గదా," అన్నాడు అతను. "రీలు నేను చూళ్ళేదు గదా."

కృపాజ్యోతి చేతులు ఆగాయి. నలభై ఏళ్ళలో మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో మెత్తదనం ఏమీ లేదు.

"మరి తెలీదనే చెప్పొచ్చుగా. ఎందుకు చెప్పలా?"

సొలొమోను ఎండలో అలాగే నిలబడ్డాడు. నోట్లో తిప్పుకుంటూ తెచ్చిన మాట అయిపోయింది.

"తెలీదు," అన్నాడు.

ఆమె కాలు కొంచెం పక్కకి జరుపుకుని, సగం కట్ట గోంగూర అతని వైపు తోసింది.